మన మందుల సంచిలో యల్లాప్రగడ సుబ్బారావు

మన ఊళ్లకు వచ్చే ఆశా కార్యకర్త సంచి విప్పి చూడండి. అందులో గర్భిణులకు ఇచ్చే ఎర్ర బిళ్లలు ఉంటాయి. హాస్టలు పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం బిళ్లలు ఉంటాయి. ఏడాదికోసారి బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే తెల్ల బిళ్లలు కూడా అందులోనే ఉంటాయి. స్క్రబ్ టైఫస్ జ్వరం అని తేలితే ఆరోగ్య కేంద్రంలో డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఈ నాలుగింటి పుట్టుకతోనూ ఒకే తెలుగు మనిషికి సంబంధం ఉంది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన మన తెగల మనిషి కాదు. బగత కాదు, కొండదొర కాదు, కోదు కాదు, వాల్మీకి కాదు. మన్యం గురించి ఆయన ఏమీ రాయలేదు. మరి గిరిజన సాంస్కృతిక సంఘం సంచికలో ఆయన జీవితం ఎందుకని యువత అడగవచ్చు. మధురవాడలో మన పిల్లలుండే హాస్టలును చూసుకుంటున్న మేము ప్రతి వారం ఆ నీలం బిళ్లలు పంచుతాం. పంచిన ప్రతిసారీ కొన్ని బిళ్లలు కిటికీలోంచి బయటికి పోతుంటాయి. ఆ బిళ్ల వెనుక ఒక ఇంట్లో రెండు చావులు, ఒక తల్లి అమ్ముకున్న బంగారం, మళ్లీ ఇల్లు చూడని ఒక కొడుకు ఉన్నారని తెలిస్తే పారేసే చెయ్యి కాస్త ఆగుతుందేమో. అందుకే ఆయన కథ రాస్తున్నాం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల ఇల్లు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం మధ్యలోనే మానేయడంతో జీతం ఆగింది. తినే నోళ్లు మాత్రం తగ్గలేదు. చదువు మీద మనసు నిలవని సుబ్బారావు పదమూడేళ్ల వయసులో కాశీకి పారిపోయే ప్రయత్నం చేశాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బాగా డబ్బొస్తుందని అతని లెక్క. ఇంటివాళ్లు వెనక్కి తీసుకొచ్చారు. తల్లి ఒంటిమీది బంగారం అమ్మి మళ్లీ బడికి పంపింది. తండ్రి పోయాక కూడా ఆమె పట్టు సడలలేదు.

మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. పదో తరగతి ఒకసారి తప్పగానే పుస్తకాలు కట్టిపెట్టి కూలికో, కొండకో వెళ్లిపోయే పిల్లల్ని మేము చూస్తూనే ఉన్నాం. ఆ పిల్లల దగ్గర ఈ మాట ఒకటికి రెండుసార్లు చెబుతాం. వెంకమ్మ లాంటి అమ్మలు మన గూడేల్లోనూ ఉన్నారు. చోళ్లు అమ్మో, అడ్డాకులు కుట్టో, కాఫీ తోటలో కూలికెళ్లో పిల్లల్ని హాస్టళ్లకు పంపుతున్నారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకుని రోగులకు సేవ చేయాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సన్యాసం కుదరకపోయినా రోగుల సేవ అనే ఆలోచన మాత్రం ఆయనలో నిలిచింది. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత డబ్బు సర్దారు. మూర్తి గారి కుమార్తె శేషగిరితో 1919లో ఆయన పెళ్లి జరిగింది.

అది గాంధీగారి పిలుపు ఊరూరా మోగుతున్న కాలం. విదేశీ బట్ట వదిలేసిన సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు కోటుతోనే వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి ఆయనకు ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికిచ్చారు. ఆ కాగితంతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని చూస్తే అక్కడా చోటు దొరకలేదు. ఒంటిమీద గుడ్డను బట్టి, చేతిలో కాగితాన్ని బట్టి మనిషి తెలివికి వెలకట్టడం మనకు కొత్త సంగతి కాదు కదా.

ఇదంతా జరిగే రోజుల్లోనే ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ఆయన అన్న, తమ్ముడు ఇద్దరూ తక్కువ వ్యవధిలోనే స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. దీన్ని మన వైపు సంగ్రహణి అంటారు. పేగులు తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం తరిగిపోతుంది, మనిషి ఎండిన మోడులా అయిపోతాడు. అప్పట్లో ఇంగ్లీషు వైద్యంలో దానికి సరైన మందు లేదు. చేతిలో వైద్యం చదువు ఉంది, ఇంట్లో రోగి ఉన్నాడు, ఇవ్వడానికి మందు మాత్రం లేదు. తర్వాత అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన తేరుకున్నారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరారు.

ఇక్కడ ఒక మాట. మన తాతలకు చెట్టు తెలుసు, వేరు తెలుసు, ఏ కొండ మీద ఏ ఆకు దొరుకుతుందో తెలుసు. నాటువైద్యాన్ని ఎగతాళి చేసే చదువుకున్న పిల్లలకూ, ఆసుపత్రి పేరెత్తితేనే కోపగించుకునే పెద్దలకూ మధ్య ఇళ్లలో తగవులు మేము విన్నాం. సుబ్బారావు ఈ రెండు పక్షాల్లోనూ చేరలేదు. తనను బతికించిన ఆయుర్వేదాన్ని గౌరవించారు. అయితే ఆ మందులో పని చేసిందేమిటో, ఎందుకు చేసిందో తెలుసుకోవాలనుకున్నారు. ఆ తెలుసుకోవడానికే సముద్రం దాటారు.

ప్రయాణానికి మామగారు సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా ఆదుకుంది. 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. మన విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్య కళాశాల మొదలైన ఏడాది కూడా అదే. అప్పటికి భార్య శేషగిరి గర్భవతి. మూడేళ్లలో తిరిగొస్తానన్నది ఆయన మాట. వెళ్లాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు. శేషగిరమ్మ కూడా భర్తను మళ్లీ చూడలేదు. ఆయన గొప్పతనం రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. మాకు అలా దాటేయబుద్ధి కాలేదు. ఆమె ఎదురుచూపు కూడా ఆ మందుల ఖరీదులో ఒక భాగమే.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరారు. డాక్టరుగా పని చేయడానికి అక్కడ అనుమతి లేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. పగలు చదువు, రాత్రి ఈ పని. మన పిల్లలు నగరానికి వచ్చి పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో రాత్రి డ్యూటీలు చేసి పగలు కాలేజీకి వెళ్తున్నారంటే, ఆ దారి ఇంతకు ముందు నడిచినవాడు ఒకడున్నాడన్నమాట.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడి దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచమంతా దాన్ని వాడింది. వైద్య ప్రయోగశాల కోర్సులు చదివే మన పిల్లలు ఆ పేరు పుస్తకాల్లో చూసే ఉంటారు. చూసినా అందులో సగం పేరు భీమవరానిదని చాలామందికి తట్టదు. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్నీ, 1929లో ఏటీపీనీ కనుగొన్నారు. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా వేరుగా కనుగొన్నాడు. డోలీ కర్ర భుజాన వేసుకుని కొండ దిగేటప్పుడు పిక్కల్లో కదిలే ప్రతి కండరానికీ బలం అందించేది ఈ ఏటీపీయే. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం దక్కలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల సంస్థ ప్రయోగశాలకు వెళ్లారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. అన్నదమ్ముల్ని మింగిన జబ్బు లెక్క తేల్చే అవకాశం అక్కడ దొరికింది.

ఫోలిక్ ఆమ్లం కథ నిజానికి మన దేశంలోనే మొదలైంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పరీక్షించింది. వాళ్లలో చాలామందికి తీవ్రమైన రక్తహీనత ఉండేది. మామూలు మందులకు తగ్గని ఆ రక్తహీనత, చవకగా దొరికే ఈస్టు సారం తినిపిస్తే తగ్గింది. అందులో ఏదో ఉంది, ఆ ఏదో ఏమిటన్నది తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల్లోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. అంటే మన భాషలో ఆకు ఆమ్లం. టన్నులకొద్దీ ఆకు తెచ్చినా దొరికేది చిటికెడు. జంతువుల కాలేయం నుంచి తీసినా అంతే. చిటికెడు మందుతో ఎంతమందిని బతికించగలం? సుబ్బారావు నడిపించిన లెడర్లీ బృందం దాన్ని శుద్ధి చేసి, దాని నిర్మాణాన్ని విప్పి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఆకుతో, కాలేయంతో పని లేకుండా కావలసినంత తయారుచేసుకునే దారి దొరికింది. మరుసటి ఏడాదికల్లా క్యూబా వంటి చోట్ల స్ప్రూ రోగులకు ఇస్తే రోజుల్లోనే వాళ్ల రక్తం పెరగడం, ఆకలి పుట్టడం వైద్యులు చూశారు. అన్నదమ్ములు పోయి పాతికేళ్లు దాటాక ఆ ఇంటి జబ్బుకు మందు దొరికింది.

ఈ మందుతో మనకేం పని? చాలా పని ఉంది. రక్తకణం తయారు కావాలంటే ఇనుము ఒక్కటే చాలదు, ఫోలిక్ ఆమ్లం కూడా కావాలి. అందుకే నీలం బిళ్లలో రెండూ ఉంటాయి. 2012-13 నుంచి దేశమంతటా కౌమార దశలో ఉన్న పిల్లలకు వారానికొకటి చొప్పున ఇస్తున్నారు. గర్భిణులకు ఎర్ర బిళ్ల రోజుకొకటి, కనీసం 180 రోజులు. ఇంకొక సంగతి ఆడపిల్లలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కడుపులో బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. మూడో నెలలో ఏఎన్ఎమ్ అమ్మ దగ్గర పేరు రాయించుకుని మింగడం మొదలుపెడితే ఆ పనికి ఆలస్యమైనట్టే. పెళ్లికి ముందు నుంచే ఒంట్లో ఈ ఆకు ఆమ్లం నిల్వ ఉండాలి.

బిళ్ల మింగితే కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా వస్తుందని పిల్లలు భయపడతారు. నల్లగా రావడం ఇనుము వల్ల, దానితో ప్రమాదం లేదు. ఖాళీ కడుపున మింగితేనే తిప్పుతుంది. అన్నం తిన్నాక మింగాలి, వెంటనే టీ తాగకూడదు. ఆకుకూరలు మానమని ఎవరూ అనరు. కొండల్లో మన అమ్మలు ఏరుకొచ్చే ఆకుకూరల్లో, మునగాకులో, తోటకూరలో ఈ సారం ఉంది. హాస్టల్లో పప్పులో ఆకుకూర కలిపితే కంచం పక్కకు ఏరిపెట్టేదీ మన పిల్లలే. ఎక్కువసేపు ఉడికిస్తే ఆ సారం చాలావరకు పోతుందన్నది మా వంటమనుషులకు మేము చెబుతూ వచ్చిన మాట.

సికిల్ సెల్ గురించి విడిగా చెప్పాలి. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బులో ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి తొందరగా చితికిపోతుంది. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది పది ఇరవై రోజులే. ఎముకల్లోని మూలుగ ఆగకుండా కొత్త కణాలు తయారుచేస్తూనే ఉండాలి, దానికి ఫోలిక్ ఆమ్లం ఎక్కువ కావాలి. అందుకే సికిల్ సెల్ ఉన్నవాళ్లకు దాన్ని విడిగా రోజూ మింగమని వైద్యులు రాస్తారు. ఇనుము కలిసిన బిళ్ల మాత్రం వాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. ఒంట్లో ఇనుము పేరుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు పరీక్ష చేయించుకోవాలి. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్ష చేసి కార్డు ఇస్తారు. పెళ్లి సంబంధం చూసుకునేటప్పుడు ఇరువైపులా ఆ కార్డులు చూసుకోవడం సిగ్గుపడే పని కాదు.

ఇక బోదకాలు మందు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దాంతో ఆ దేశానికి ఆ జబ్బు గుర్తొచ్చింది. మన తీరప్రాంతంలో తరతరాలుగా కాళ్లు ఉబ్బిన మనుషులున్నా ఎవరికీ పట్టని జబ్బు, సైనికుడికి వచ్చేసరికి పరిశోధనకు డబ్బు పుట్టింది. లోకం తీరు అంతే. సుబ్బారావు అధ్వర్యంలో లెడర్లీలో వందల పదార్థాలను ఎలుకల మీద పరీక్షించి డైఇథైల్ కార్బమజీన్ అనే మందును పట్టుకున్నారు. హెట్రజాన్ పేరుతో 1947లో ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. ఆరోగ్య కార్యకర్తలు డీఈసీ అని పిలిచేది దీన్నే. ఇప్పటికీ బోదకాలు నివారణకు ఈ మందే ప్రధానం.

మన్యం నుంచి మధురవాడకు వచ్చిన మనవాళ్లకు ఈ జబ్బు గురించి తెలియవలసిన అవసరం ఎక్కువ. కొండల్లో మనకు తెలిసిన శత్రువు మలేరియా దోమ. అది పారే వాగుల్లో, శుభ్రమైన నీళ్లలో పుడుతుంది. బోదకాలు మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ వేరే, అది మురుగు కాల్వల్లో పుడుతుంది. మధురవాడలో, పోతిన మల్లయ్యపాలెంలో, చంద్రంపాలెంలో ఎత్తైన అపార్టుమెంట్లు లేచినంత వేగంగా కాల్వలు లేవలేదు. కట్టడం పనికి వచ్చి షెడ్లలో ఉండే మన కుటుంబాలు ఆ కాల్వల పక్కనే పడుకుంటాయి. దోమ కుట్టినంత మాత్రాన కాలు వాచదు. పురుగు ఒంట్లో చేరి, శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం చేసి, పిల్లల్ని పెట్టి, చివరికి ఎప్పుడో వాపు కనిపిస్తుంది. పురుగు పిల్లలు రాత్రి పూటే రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి వేళ వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీస్తారు. అర్ధరాత్రి తలుపు కొట్టి రక్తం అడిగేవాళ్లను చూసి మనవాళ్లు హడలిపోవడం, తలుపు తీయకపోవడం మామూలే. కారణం ఎవరైనా విడమరచి చెబితే తలుపు తీస్తారు. కాస్త చదువుకున్న యువత ఆ బృందం వెంట నడిచి, మన మాటల్లో ఆ ముక్క చెబితే పని సగం అయినట్టే.

మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. మందు దొరికాక కూడా దాన్ని ఊరందరికీ ఒకేసారి ఏడాదికోసారి మింగించే పద్ధతి పెద్ద ఎత్తున 2004 నుంచి గానీ రాలేదు. అంటే 1947 నుంచి లెక్కేస్తే యాభై ఏడేళ్లు. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడిన వాళ్లకు ఈ మందు ఇవ్వరు. మిగతా అందరూ వయసును బట్టి ఒకటి, రెండు, మూడు బిళ్లలు మింగాలి. కాలు వాచిన వాళ్లకే కదా మందు, మాకెందుకు అంటారు చాలామంది. వాపు లేని మనిషి రక్తంలో కూడా పురుగు పిల్లలు ఉండవచ్చు, దోమ వాటిని పక్కింటికి మోసుకెళ్తుంది. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. ఒంట్లో పురుగులు చస్తున్నందువల్ల వచ్చే జ్వరం అది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. బాగా వాచిపోయిన కాలు మాత్రం బిళ్లతో మామూలు కాదు. రోజూ సబ్బుతో కడిగి, తుడిచి, ఎత్తుగా పెట్టి కాపాడుకోవాలి.

మందు కనిపెట్టడానికీ అది మన గుమ్మం చేరడానికీ మధ్య దూరం ఎంతుంటుందో చూశారు కదా. సుబ్బారావు ఫోలిక్ ఆమ్లం తయారుచేసిన మరుసటి ఏడాది, 1946లో, మన దేశంలో భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. పల్లెకు దగ్గరగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న ఆలోచన అందులోదే. 1952 నుంచి ఆ కేంద్రాలు మొదలయ్యాయి. ఇప్పటి లెక్క ప్రకారం మైదానంలో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఉపకేంద్రమైతే మైదానంలో 5,000 మందికి, మన దగ్గర 3,000 మందికి ఒకటి. జనాభా లెక్క కుదిరినా దారి లెక్క కుదరదు. మూడు వేల మంది పది కొండల మీద చెదిరి ఉంటే, ఒక ఉపకేంద్రం ఏ కొండ మీద పెట్టినా తొమ్మిది కొండలకు దూరమే. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చే వార్తలు అందుకే ఆగడం లేదు.

నగరంలో సమస్య వేరు. ఇక్కడ ఆరోగ్య కేంద్రం నడిచే దూరంలోనే ఉంటుంది. దాని గడప దాటడం కష్టం. ఒకసారి మా పిల్ల ఒకతెకు జ్వరం వస్తే నగరంలోని ఒక వైద్యశాలకు తీసుకెళ్లాం. ఆధార్ కార్డులో ఏజెన్సీ చిరునామా ఉంది కాబట్టి ఇక్కడ చూడటం కుదరదన్నారు. ఆ పిల్ల మాట్లాడే తెలుగు యాస విని పక్కవాళ్లు నవ్వుకున్నారు. తర్వాత ఇంకోచోట చూపించాం, తగ్గింది. ఆ పిల్ల మాత్రం మళ్లీ ఒంట్లో బాగోకపోతే చెప్పడం మానేసింది. మందు లేకపోవడం ఒక రకం దూరం, మందు ఉన్నచోట మనిషిని చిన్నచూపు చూడటం ఇంకో రకం దూరం. అత్యవసరంలో చిరునామా చూసి వైద్యం ఆపే హక్కు ఎవరికీ లేదు. కింగ్ జార్జి ఆసుపత్రిలో గిరిజన రోగులకు సాయం చేయడానికి ఎస్టీ సెల్ ఉంది. ఏ వార్డు ఎక్కడో, ఏ కాగితం ఎక్కడ రాయించాలో అక్కడ అడగవచ్చు. మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

సుబ్బారావు పనిలో మిగిలిన రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాం. ఫోలిక్ ఆమ్లం అందకుండా చేస్తే కణం పెరగదని గ్రహించి, దానికి అడ్డుపడే మందులను ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బును వెనక్కి నెట్టవచ్చని 1948లో చూపించాడు. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నారు. రెండోది ఆరియోమైసిన్. ఉద్యోగ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిని పిలిపించి, ఊరూరి మట్టి తెప్పించి వెతికిస్తే ఒక మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఈ మందు దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అదే పెద్దక్క. మనం మొదట చెప్పుకున్న డాక్సీసైక్లిన్ ఆ ఇంటి బిడ్డే.

1948 ఆగస్టులో, యాభై నాలుగో ఏట, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి ఆయన చనిపోయారు. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి 1946లో చట్టం దారి ఇచ్చినా ఆయన ఆ పౌరసత్వం తీసుకోలేదు. అక్కడ పాతికేళ్లు పరదేశిగానే బతికారు. స్వతంత్ర భారతదేశాన్ని కళ్లతో చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు. కనిపెట్టినవాటిని తన పేరున రాయించుకోవాలని తాపత్రయపడలేదు. పత్రికల వాళ్లు వస్తే వెనక్కి తగ్గి తన బృందాన్ని ముందుకు పెట్టేవారని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పుకునేవారు. ఒక బూజు జాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. నూరేళ్ల సందర్భంలో, 1995లో, మన తపాలా శాఖ ఒక బిళ్ల విడుదల చేసింది. భీమవరం అంటే సినిమావాళ్లను గుర్తుచేసుకునే మన పిల్లల్లో ఆ పేరు విన్నవాళ్లు తక్కువ.

ఈ సంచిక చదివే వాళ్లలో ఏఎన్ఎమ్ శిక్షణలో ఉన్నవాళ్లు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్నవాళ్లు చాలామంది ఉన్నారని మాకు తెలుసు. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే, మధురవాడ చుట్టుపక్కల షెడ్లలో ఉంటున్న మన కుటుంబాల జాబితా ఒకటి రాసుకుందాం. ఎవరికి సికిల్ సెల్ పరీక్ష అయ్యింది, ఎవరింట్లో గర్భిణి ఉంది, ఎవరికి ఈ ఏడాది డీఈసీ అందలేదు. నోటుబుక్కు మేము కొని పెట్టాం. సాయంత్రం ఆరు దాటాక, పనుల నుంచి వాళ్లు తిరిగొచ్చే వేళకు వెళ్తే అందరూ దొరుకుతారు.